గ్యాసులో కొసరు

టక్. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ టక్.

సందు మలుపులో ఇంకా బండి ముక్కు కూడా కనబడలేదు. చప్పుడు మాత్రం ముందే వచ్చేసింది, చుట్టం కన్నా ముందు చుట్టం దగ్గు వచ్చినట్టు. షెడ్డులో ఒక పాత కారు డాష్‌బోర్డు కింద తలకిందులుగా దూరి, కాళ్ళు రెండూ తలుపు బయట వేలాడేసుకున్న మనిషి ఆ చప్పుడు విన్నాడు. చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. కంప్రెసర్ క్లచ్ పట్టుకుంటోంది, వదిలేస్తోంది. లోపల గ్యాసు చాలనప్పుడు అది అలాగే చేస్తుంది, ఊపిరి అందనివాడు మాటమాటకీ ఆగినట్టు.

"పిచ్చుక బండి వస్తోంది," అన్నాడు అక్కణ్ణించే. "మళ్ళీ అయిపోయింది."

షెడ్డు గుమ్మంలో కూర్చుని రబ్బరు వాషర్లను సైజుల వారీగా డబ్బాల్లో వేస్తున్న భార్య తలెత్తలేదు. మొన్న మొన్ననే కదా పట్టారు అని గొణిగింది. కాళ్ళు ముందు కదిలాయి, తరవాత నడుము, ఆఖరికి దుమ్ము పట్టిన నెరసిన తల బయటికి వచ్చింది. అప్పటికి పాత తెల్ల కారు షెడ్డు ముందు ఆగింది.

ఆయన్ని ఆ వీధుల్లో అందరూ మంచు బాబాయి అంటారు. తండ్రి ఐసు ఫ్యాక్టరీలో దిమ్మెలు మోసేవాడు. సాయంత్రం ఆ తండ్రి ఇంటికొచ్చి నుదుటి మీద చెయ్యి వేస్తే, పగలంతా ఎండలో ఆడిన పిల్లవాడికి చెరువులో మునిగినట్టుండేది. చల్లదనం అంటే ఆయనకు మొదట తెలిసింది ఆ చెయ్యే. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఫ్రిజ్జులు బాగుచెయ్యడం నేర్చాడు, అందులోంచి కార్ల ఏసీల్లోకి వచ్చాడు. కొత్త కార్లు కంపెనీ షోరూములకి పోతాయి. ఈయన దగ్గరికి వచ్చేవన్నీ ముసలి బండ్లు. ఒకదానికి పైపు చెమ్మగిల్లుతుంది, ఒకదానికి బేరింగు ఏడుస్తుంది, ఒకదానికి ఏమైందో దానికే తెలియదు. వాటిని ముట్టుకుని, చెవి ఆనించి, సబ్బునురగ పూసి ఎక్కడ బుడగ లేస్తుందా అని ముసలివాళ్ళ నాడి చూసినంత ఓపికగా చూస్తాడు.

షెడ్డు మీద రేకులు. వెనక రెండు గదుల ఇల్లు. ఆ ఇంట్లో ఉన్నది ఒక్క ఫ్యాను, అది ఉన్న ఉక్కనే చెంచాతో కలిపినట్టు కలుపుతూ ఉంటుంది. ఊరందరికీ చలి పంచిపెట్టి ఇంటికి మాత్రం చెమట మోసుకొస్తారని భార్య ఎద్దేవా చేసేది. చెప్పులు కుట్టేవాడి పెళ్ళాం కాళ్ళెప్పుడైనా చూశావా అని ఆయన తప్పించుకునేవాడు.

పనిలో మాత్రం ఆయన నియమాలు ఆయనవి. ముందు పంపు పెట్టి లోపలి గాలినీ తేమనూ పూర్తిగా లాగెయ్యాలి. ఆ పంపు ఉబ్బసం మనిషిలా ఎగరోజుతుంటే ఎవరెంత తొందరపెట్టినా ఆపడు. తరవాత సిలిండరును కాటా మీద నిలబెట్టి, బానెట్ కింద చీటీలో ఎంత రాసి ఉంటే అంతే గ్యాసు ఎక్కిస్తాడు. అంతకు ఒక్క పిసరు ఎక్కువ పొయ్యడు. బజారులో ఏం కొన్నా తూకం అయ్యాక చేత్తో ఇంకొంచెం పడుతుంది, ఆ కొసరు పడకపోతే కొన్నట్టే ఉండదు జనానికి. ఈయన దగ్గర కూడా అడిగేవాళ్ళు. ఇన్నాళ్ళ బేరం కదా బాబాయ్, ఓ గుక్క ఎక్కువ పట్టు అని. ఆయన మీటరు ముల్లు కేసి చూపించి, కడుపు నిండాక పెట్టే ముద్ద ప్రేమ కాదురా, అజీర్తి అనేవాడు. గ్యాసు ఎక్కువైతే చల్లదనం పెరగదు, తగ్గుతుంది. లోపల ఒత్తిడి పెరిగి, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ పగులుతుంది. ముసలి బండిలో బలహీనంగా లేని చోటు ఏదని?

అందుకే ఆయనకు పిసినారి అని కూడా పేరుంది. ఆ పేరుకు లోలోపల కొంచెం మురిసేవాడు.

తెల్ల కారు నడుపుకొచ్చింది టైలరు. నాలుగు వీధుల అవతల మిషను పెట్టుకున్న మనిషి. నోట్లో ఎప్పుడూ ఒక గుండుసూది ఉన్నట్టే పెదాలు బిగించి మాట్లాడతాడు. అంగట్లో రెండో మిషను పెట్టుకోవాల్సిన మనిషి కారెందుకు కొన్నాడని నవ్విన వాళ్ళకి ఆయన జవాబు చెప్పలేదు. జవాబు వెనక సీట్లో కూర్చుని ఉండేది.

ఆ పిల్లకు చెమట పట్టదు. పుట్టుకతోనే చర్మంలో ఆ ఏర్పాటు లేదు. మనకు ఎండలో వీపు తడిసి చిరాకేస్తుంది కదా, ఆ తడే మనల్ని కాపాడుతుంది. ఆ పిల్లకు అది లేదు. వేడి లోపలికి వెళ్తుంది, బయటికి దారి దొరకదు. కాసేపు ఎండలో నడిస్తే ఒళ్ళు పెనంలా కాలిపోతుంది. జుట్టు పల్చగా, పళ్ళు అక్కడొకటి ఇక్కడొకటి, గొంతు మాత్రం చిన్నదే అయినా ఆగదు. అందుకే పిచ్చుక. తండ్రి ఆ పిల్లకు గుడ్డతో ఒక చొక్కా కుట్టాడు, లోపల అన్నీ జేబులే, జేబుల్లో ఐసు ముక్కల సంచులు. అది తొడుక్కుని ఏసీ కారులో బడికి వెళ్ళి, కిటికీలకు తడిగుడ్డలు కట్టిన గదిలో చదువుకుని, మళ్ళీ కారులో ఇంటికి. ఆ కారులో చల్లగాలి ఉన్నన్నాళ్ళే ఆ పిల్లకు బడి. ఆ సంగతి టైలరుకీ తెలుసు, అతని భార్యకీ తెలుసు, మంచు బాబాయికీ తెలుసు.

బండికేమో కూలింగ్ కాయిల్ చిల్లులు పడింది. డాష్‌బోర్డు లోపల దాక్కుని ఉండే ఆ కాయిల్‌ను బయటికి తియ్యాలంటే కారు ముందు భాగమంతా విప్పెయ్యాలి. బాబాయి ఒకసారి అదీ చేశాడు. తీసి నీళ్ళలో ముంచితే జల్లెడలా బుడగలు. ఆ మోడలు కాయిల్ చెయ్యడం కంపెనీ ఎప్పుడో మానేసింది. ఉన్నదాన్నే అతికి, పూసి, ఆరబెట్టి మళ్ళీ లోపల పెట్టాడు. ఓటికుండకు మైనం పెట్టినట్టు. కొన్నాళ్ళు నిలిచేది, మళ్ళీ కారేది. మొదట్లో ఒక ఋతువంతా వచ్చిన గ్యాసు తరవాత ఒక నెల వచ్చింది, ఇప్పుడు నెల కూడా రావడం లేదు.

బాబాయి గేజీల గొట్టాలు తగిలిస్తుంటే పిచ్చుక షెడ్డులోని పెద్ద టేబులు ఫ్యాను ముందు ఐసు చొక్కాతో కూర్చుని, ఫ్యానులోకి నోరు పెట్టి మాట్లాడుతోంది. తాతా, ఈ బండికి జలుబా, ఎప్పుడు చూసినా కారుతూనే ఉంటుంది అంది. జలుబు కాదు, వయసు అన్నాడు ఆయన. మరి నీకు కూడా వయసే కదా, నువ్వెక్కడ కారుతున్నావు అని అడిగింది. ఆయన భార్య నవ్వాపుకోలేక, మోకాళ్ళ దగ్గర కారుతున్నాడులే, గుజ్జంతా పోయింది అని అందించింది.

టైలరు నవ్వలేదు. బాబాయిని పక్కకు పిలిచి చెప్పాడు. వచ్చే వారం నుంచి సంవత్సరాంతపు పరీక్షలు. ఎండలు ముదిరిపోయాయి. ఒక్క పరీక్ష తప్పినా అదే తరగతిలో మళ్ళీ కూర్చోవాలని బడిలో ఖరాకండిగా చెప్పేశారు. ఈ పిల్ల మొదటి తరగతి నుంచీ ఒక్క స్నేహితురాలి చెయ్యి పట్టుకుని పైకొస్తోంది. ఆ పిల్ల పై తరగతికి పోయి ఇది ఇక్కడే ఉండిపోతే ఏమవుతుందో తండ్రికి తెలుసు. పరీక్షలయ్యే దాకా గ్యాసు నిలుస్తుందా అని అడిగాడు.

నిలవదని బాబాయికి తెలుసు. మామూలుగా అయితే మధ్యలో ఒకసారి రా, కొంచెం పడతాను అనేవాడు. కానీ ఆ వారమే భార్య అక్కగారికి వేరే ఊళ్ళో తుంటి ఆపరేషను. వదినకు ముందూ వెనకా ఎవరూ లేరు. ఇద్దరూ వెళ్ళి పక్కన ఉండాలి. షెడ్డుకు తాళం. ఇంకెవరి దగ్గరికైనా తీసుకెళ్ళమందామంటే, ఆ బండి చరిత్ర తెలియని చేతులు ఏం చేస్తాయోనని భయం.

పంపు ఎగరోజి ఎగరోజి ఆగింది. సిలిండరు కాటా మీద కూర్చుంది. గ్యాసు లోపలికి పారుతుంటే సన్నని పైపు మీద చెమట పుట్టింది, చిన్న చిన్న చుక్కలు, తెల్లవారి గడ్డి మీద ఉన్నట్టు. కాటా మీద అంకె చీటీలోని అంకెకు చేరింది. ఆయన చెయ్యి కవాటం మీద ఉంది. మూసెయ్యాలి. ఇన్నేళ్ళుగా ఆ క్షణంలో ఆ చెయ్యి దానంతటదే తిరిగేది, ఆయన చెప్పనక్కరలేకుండా.

తిరగలేదు.

ఎలాగూ కారేదే కదా. ఎక్కువ ఉంటే ఎక్కువ రోజులు కారుతుంది. మొదటి రెండు మూడు రోజులు కొంచెం బరువుగా ఉన్నా, తరవాత దానంతటదే సరైన చోటికి దిగుతుంది. ఇలా అనుకున్నాడు. తప్పు లెక్క కూడా ఒక్కోసారి నమ్మకంగా నడుస్తుంది. ఫ్యానులోకి నోరు పెట్టి పిచ్చుక ఏదో పద్యం చదువుతోంది, అక్షరాలు రెక్కలకు తగిలి ముక్కలవుతున్నాయి. ఒత్తిడి మితిమీరితే కంప్రెసరును ఆపెయ్యాల్సిన స్విచ్చి ఆ బండిలో ఎప్పుడో చచ్చిపోయిందని, ఎవరో దాన్ని తప్పించి నేరుగా వైరు కలిపేశారని ఆయనకు తెలుసు. తెలిసే ఇంకొంచెం పోనిచ్చాడు.

భార్య డబ్బా మూత పెడుతూ చూసింది. "ఇవాళ కాటా మాట వినలేదేం?"

"చిన్నపిల్ల," అన్నాడు. "కొసరు."

తన మొగుడి నోట ఆ మాట ఆమె ఎప్పుడూ వినలేదు.

మొదటి పరీక్ష బాగా రాసిందని టైలరు ఫోను చేసి చెప్పాడు. రెండోదీ అంతే. వదిన ఆపరేషను కూడా సవ్యంగా అయింది. ఆసుపత్రి వరండాలో, పైనుంచి చల్లగాలి దిగే గొట్టం కింద బెంచీ మీద కూర్చుని బాబాయి, అక్కడ గాలి ఎంత వదులుగా వస్తోందో, లోపల ఫిల్టరు ఎన్నాళ్ళుగా కడగలేదో లెక్కకడుతూ ఉంటే మూడోసారి ఫోను మోగింది. టైలరు గొంతు పెదాల మధ్య సూదిలేనట్టు ఉంది. మాటలు చిందరవందరగా పడ్డాయి.

దారిలో ఏదో లారీ అడ్డం తిరిగి బండ్లన్నీ నిలిచిపోయాయి. కదలిక లేదు, గాలి లేదు, ముందు వెనక ఇంజన్ల వేడి. నిలబడ్డ బండికి ముందు నుంచి గాలి తగలదు, లోపలి వేడిని బయటికి నెట్టే దారి ఉండదు. ఉన్న గ్యాసే ఎక్కువ. కాసేపటికి బానెట్ కింద తుపాకీ పేలినట్టు చప్పుడైంది. తెల్లటి పొగమంచు లేచింది. లోపల చల్లగాలి ఆగి, ఆ గొట్టాల్లోంచే వేడిగాలి రావడం మొదలైంది. కొత్తగా గ్యాసు పట్టించాం కదా అన్న ధీమాతో ఆ రోజు ఐసు చొక్కా ఇంట్లోనే వదిలేశారు.

టైలరు పిల్లను ఎత్తుకుని బండ్ల మధ్యనుంచి పరిగెత్తాడు. దగ్గర్లో ఒక పాల డిపో కనిపించింది. వాళ్ళు మారుమాట ఆడకుండా చల్లగది తలుపు తెరిచారు. పాల ట్రేల మధ్య నేల మీద పడుకోబెట్టి నీళ్ళు పోశారు. తల్లి పరుగున వచ్చేసరికి పిల్ల కళ్ళు తెరిచింది కానీ మాటలు తడబడుతున్నాయి. ఇప్పుడు ఆసుపత్రిలో ఉందని, ప్రమాదం లేదన్నారని టైలరు చెప్పాడు. ఆఖర్న, ఇదంతా బాబాయి తప్పేమీ కాదన్నట్టు, పరీక్ష పోయింది బాబాయ్ అన్నాడు.

బాబాయి తిరిగొచ్చి బానెట్ ఎత్తాడు. పెద్ద పైపు నిలువునా చీలి ఉంది. నూనె అంతా కక్కేసి కంప్రెసరు బిగుసుకుపోయింది. దాన్ని విప్పి వంచితే మిగిలిన నూనె నల్లగా, అందులో ఇనుపరజను మెరుస్తూ కారింది. ఆ రజను మొత్తం ఒంట్లోకి పాకిపోయి ఉంటుంది, ప్రతి గొట్టంలోకీ. ఆయన ఆ నూనెను వేళ్ళ మధ్య రాసి చూసుకున్నాడు.

టైలరు అంగడికి వెళ్ళి కొసరు సంగతి తనే చెప్పాడు. తిడతాడనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. టైలరు మిషను చక్రం మీద చెయ్యి ఆపి, మా పిల్ల కోసమే కదా చేశావు అన్నాడు, మళ్ళీ చక్రం తిప్పాడు. ఆ కుట్టు వంకరగా పోవడం బాబాయి చూశాడు. అది విప్పి మళ్ళీ కుట్టడం కూడా చూశాడు.

పిచ్చుక ఇంట్లో తడి దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. అయ్యో తాతా, ఏడవకు అంది. ఆయన ఏడవడం లేదు, ఆ సంగతి దానికి తెలుసు. "ఆ బండిది కూడా నా రోగమే. వేడి బయటికి పంపడం చేతకాలేదు పాపం."

బడివాళ్ళు రూలు రూలే అన్నారు. తెల్ల బట్టల ప్రధానోపాధ్యాయురాలు జాలిపడి, టీ ఇచ్చి, కాదంది.

మిగిలింది రాబోయే సంవత్సరం. అదే తరగతి అయినా సరే, పిల్ల బడికి పోగలిగితే చాలు. ఆ ఒక్కదాని కోసం బాబాయి పాత ఇనుము కొట్లన్నీ తిరిగాడు. తుప్పు గుట్టల్లో, బోర్లాపడ్డ బండ్ల పొట్టల్లో వెతికాడు. ఆ మోడలు కంప్రెసరు ఎక్కడా లేదు. ఒక వ్యాను నుంచి వేరే రకం దొరికితే, దానికి సరిపోయే బిగింపు పట్టీ తనే కోసి, ఆకురాయి పట్టి, బిగించాడు. గొట్టాలన్నీ విడదీసి, మందుతో కడిగి, ఊది, తెల్లగుడ్డలో పట్టి, గుడ్డ మీద ఒక్క మెరుపు కూడా రానంతవరకూ మళ్ళీ కడిగాడు. చచ్చిన స్విచ్చి స్థానంలో కొత్తది పెట్టాడు. డాష్‌బోర్డు మళ్ళీ విప్పి కాయిల్ చిల్లుల్ని ఇంకోసారి పూడ్చాడు. భార్య తిండికి పిలవడం మానేసి, పళ్ళెం బానెట్ మీదే పెట్టి పోయేది. బేరాలన్నీ పోతున్నాయని ఒక్క మాట అనలేదు.

కాటా మీద అంకె చీటీలోని అంకెకు చేరగానే చెయ్యి ఠక్కున తిరిగింది.

గాలి వచ్చింది. ఆ బండి కొత్తలో కూడా అంత చల్లగా ఊది ఉండదు. బాబాయి ఆ గాలి ముందు అరచెయ్యి పెట్టి కూర్చున్నాడు. తరవాత స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, తనే నడుపుకుంటూ టైలరు ఇంటికి వెళ్ళాడు. ఎండ నిప్పులు చెరుగుతోంది. గేటు ముందు ఆపి, ఇంజను ఆపకుండా, చల్లదనం పోకుండా అద్దాలెత్తే ఉంచి హారను కొట్టాడు.

పిచ్చుక కిటికీ దగ్గరికి వచ్చింది. చెయ్యి ఊపింది. తలుపు తీసుకుని తల్లి వచ్చింది. టైలరు ఆమె వెనకే గడపలో నిలబడిపోయాడు. ఆమె గేటు దాకా వచ్చి, గొళ్ళెం మీద చెయ్యి వేసి, తియ్యలేదు.

ఒక్కసారి ఎక్కించి చూడమ్మా, ఈ వీధి చివరిదాకా తిప్పి తెస్తాను అన్నాడు ఆయన. స్విచ్చి మార్చానని, చీలిన పైపు కొత్తది వేసి మిగతావన్నీ కడిగానని, గ్యాసు సరిగ్గా చీటీలో ఉన్నంతే పట్టానని చెప్పాడు. చెబుతున్నకొద్దీ మాటలు చిన్నబోతున్నాయని ఆయనకే తెలుస్తోంది.

"బాబాయిగారూ, మీ మీద నాకు కోపం లేదు," అంది ఆమె. "ఆ రోజు పాల డిపోలో దాన్ని ముట్టుకుంటే నా చెయ్యి చురుక్కుమంది. అంత చలిగదిలో. బండి బాగుందని మీరు చెబితే నేను నమ్ముతాను. నా చెయ్యి నమ్మట్లేదు. నన్నేం చెయ్యమంటారు?"

"ఏసీ చల్లగా ఉందమ్మా. నువ్వే ఒక్కసారి లోపల కూర్చో."

"ఉంటుంది. ఆ రోజు పొద్దున కూడా చల్లగానే ఉంది."

దానికి ఆయన దగ్గర పనిముట్టు లేదు. భార్యాభర్తలు ఆ సంగతి ముందే ఎన్నిసార్లు మాట్లాడుకుని ఉంటారో టైలరు వంచిన తల చెబుతోంది. బాబాయి మళ్ళీ వచ్చి కారులో కూర్చున్నాడు. అద్దాల లోపల వానాకాలంలా ఉంది. కిటికీలో పిచ్చుక అద్దం మీద తడి వేలితో ఏదో రాస్తోంది, ఎండకు అది వెంటనే ఆరిపోతోంది. ఆయన ముంజేతి మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఆ చలి ఎవరికి కావాలో వాళ్ళు పది అడుగుల దూరంలో ఉన్నారు, మధ్యలో ఒక గేటు. ఎంతసేపు కూర్చున్నాడో, ఇంజను అలా తిరుగుతూనే ఉంది.

బడి తెరిచారు. పిచ్చుక వెళ్ళలేదు. స్నేహితురాలు కొన్నాళ్ళు సాయంత్రాలు వచ్చి పాఠాలు చెప్పింది, తరవాత ఆ పిల్లకూ చదువు పెరిగింది. వానలు పడ్డప్పుడు తల్లి పిల్లను గొడుగు కింద వీధి చివరిదాకా నడిపిస్తుంది. కారు టైలరు ఇంటి పక్క సందులో నీడకు నిలబడి ఉంటుంది. కాయిల్ అతుకు మళ్ళీ మెల్లగా కారుతోంది. కొన్ని వారాలకొకసారి బాబాయి వెళ్ళి, ఎవరూ ఎక్కని ఆ బండికి గాలి లాగి, కాటా పెట్టి, సరిగ్గా తూచి గ్యాసు పట్టి వస్తాడు. ఎందుకండీ ఈ పిచ్చి అని భార్య మొదట్లో అడిగేది. ఒక రోజు ఆ తల్లి చెయ్యి మెత్తబడితే ఆ పూట బండి చల్లగా ఉండొద్దా అన్నాడు. ఇప్పుడు వెళ్ళేటప్పుడు సిలిండరు ఒక పక్క ఆమే పడుతుంది.

షెడ్డులో కూర్చుని ఈ సంగతులన్నీ ఆయన నోట విని రాసుకున్న మనిషి లేచి చెప్పులు వేసుకుంటుంటే, మంచు బాబాయి ఎవరిదో కారు బానెట్ ఎత్తి పట్టుకుని, తల దూర్చబోతూ ఆగాడు.

"పని రాక పాడుచేశాడని మాత్రం రాయకండి బాబూ," అన్నాడు. "పని వచ్చు. పని ఒక్కటే వచ్చు నాకు."